మార్జిన్‌లో వడ్రంగి గీతలు

ఆ చదరంగం క్లబ్బులో ఓడిపోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఓడాక తోటివాళ్ళ సలహాల నుంచి బతికి బయటపడటమే కష్టం.

క్లబ్బంటే ఏదో ఊహించుకోనక్కర్లేదు. ఒక లాండ్రీ మీద మేడగది. కింద ఇస్త్రీ యంత్రం ఆవిరి వదిలినప్పుడల్లా పైన నేల వెచ్చబడి కిటికీ అద్దాలు మసకేస్తాయి. అయిదు బల్లలున్నాయి, అందులో మూడు కుంటివి. నాలుగు గడియారాలున్నాయి, అందులో రెండు నిజం చెబుతాయి. గోడకి తగిలించిన పెద్ద బోర్డు మీద ముఖ్యమైన ఆటల్ని ఎత్తు వెంట ఎత్తు కదిపి చూపిస్తారు. కిటికీ పక్కన విడిగా ఇంకో బల్ల ఉంది, దాన్ని పోస్ట్‌మార్టం బల్ల అంటారు. ఆదివారం పొద్దున ఆట ముగియగానే ఓడినవాళ్ళు వెళ్ళి అక్కడ కూర్చోవాలి, తక్కినవాళ్ళు చుట్టూ నిలబడాలి. ఓడినవాళ్ళే ముందు మాట్లాడాలన్నది క్లబ్బు నియమం. ఆ నియమాన్ని ఫ్రేము కట్టించి గోడకి వేలాడదీశారు కాబట్టి ఇక పాటించే అవసరం లేదని అందరూ నమ్ముతారు.

మందులమ్మకి ఆ బల్లంటే ఒళ్ళుమంట. ఆమె ఒక పెద్దాసుపత్రిలో ఫార్మసిస్టు, రెండో నంబరు కిటికీ. క్లబ్బులో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఎదురుగా ఉంటే మేడం అంటారు, వెనకాల మందులమ్మ అంటారు, ఆమె చేతిలో ఓడిన రోజున ఇంటికెళ్ళి తలనొప్పిగా ఉండి ఆడలేకపోయామంటారు. ఆమె గెలిస్తే ఒక్కడూ నోరు విప్పడు. ఓడిందంటే మాత్రం చేతిలో టీ గ్లాసుతో సహా నలుగురు గురువులు పుట్టుకొస్తారు. వాళ్ళలో ముగ్గుర్ని ఆమె కిందటి నెలలోనే మట్టి కరిపించి ఉంటుంది. అయినా సరే, జాలిగా తల పంకిస్తూ ఆమెకి ఆట నేర్పుతారు.

ఈ ఏడాది ఆ గురువులందరి చేతులతో ఆమెకి ఒక అవసరం పడింది. క్లబ్బుల మధ్య జరిగే కప్పు పోటీకి నలుగురి జట్టు వెళ్తుంది. మూడు కుర్చీలకి మనుషులు కుదిరిపోయారు. నాలుగో కుర్చీ కోసం ఆమె మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది. మొదటి ఏడు వచ్చే ఏడాది చూద్దామన్నారు, రెండో ఏడూ అదే అన్నారు, మూడో ఏడు ఆ మాట కూడా అనకుండా జట్టు ఫోటో తీయడానికి కెమెరా ఆమె చేతికిచ్చారు. ఆ ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది. అందుకే ఈసారి పోటీ రోజులకి ఆసుపత్రిలో ముందే సెలవు రాయించుకుంది.

కుర్చీకి పోటీ పడుతున్న రెండోవాడు బ్యాంకాయన. నున్నగా దువ్విన తల, నున్నటి మాట. ఇద్దరిలో ఒకర్ని తేల్చడానికి క్లబ్బు కార్యదర్శి, అంటే రిటైరైన హెడ్మాస్టరు, తన జీవితమంతా పరీక్షలు పెట్టిన సంతోషం చాలక ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరూ తమ చివరి పది ఆటల్నీ స్వంత విశ్లేషణతో పుస్తకంలో రాసి వారం పాటు క్లబ్బు అరమీద పెట్టాలి. ఎవరైనా తీసి మార్జిన్‌లో అభిప్రాయం రాయొచ్చు. రాసిన ప్రతిదానికీ ఆటగాడు పుస్తకం చివరి పేజీలో జవాబు రాయాలి. ఆ తర్వాత రెండు ఆదివారాలు రెండు ఆటలు. సమానంగా తేలితే పుస్తకాలు పైకి చదివించి, సభ్యులు చేతులెత్తాలి.

మందులమ్మ పది ఆటలూ చక్కగా రాసింది. ఆరు గెలిచినవి, నాలుగు ఓడినవి. మంచి ఎత్తు పడ్డ చోటల్లా ఎర్రపెన్నుతో ఆశ్చర్యార్థకం పెట్టింది. ఓడిన నాలుగింటిలోనూ గెలవాల్సింది తనేనని, ఒక్క పొరపాటు ఎత్తు వల్ల పోయిందని, ఆ ఎత్తు దగ్గర సగం పేజీ వివరణ రాసింది. ఓడిన నాలుగింటిలో మూడు బ్యాంకాయనతో ఆడినవే.

వారం తర్వాత పుస్తకం చేతికొచ్చింది. మధ్యాహ్నం కిటికీ దగ్గర జనం పల్చబడ్డాక, మాత్రల సొరుగుల వెనక స్టూలు లాక్కుని కూర్చుని తెరిచింది.

ముందుగా పళ్ళ డాక్టరు. ఆయన రాత చదవగలిగేది క్లబ్బు మొత్తానికి ఆమె ఒక్కతే, రోజూ చదివేవి అలాంటి రాతలే కాబట్టి. "పునాది బలహీనం. మొదటి పది ఎత్తులూ పీకి మళ్ళీ కట్టాలి," అని పది ఆటలకీ రాశాడు, గెలిచినవాటికి కూడా. ఆమె జవాబు రాసింది: "నొప్పి ఎక్కడో చూడకుండా నోరంతా పీకే పద్ధతి మీ కుర్చీలో చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు."

తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయన మార్జిన్ చాలక మూడు కాగితాలు అదనంగా కుట్టి మరీ రాశాడు. ప్రతి వాక్యం 'ఒకవేళ'తో మొదలవుతుంది. ఒకవేళ నల్లవాడు అప్పుడు గుర్రం వెనక్కి తీసుకుని ఉంటే, ఒకవేళ మీరు అది చూసి ఉండకపోతే. ఆమె ఒక్క ముక్కలో తేల్చింది: "ఒకవేళ మీకు ఆట వచ్చి ఉంటే ఇది చదివేదాన్ని."

డ్రైవింగ్ స్కూలాయనది మరీ విచిత్రం. ఆయన మొత్తం పుస్తకంలో రాసింది రెండే మాటలు, ఏడో ఆటలో ఇరవై నాలుగో ఎత్తు పక్కన: "ఇక్కడ ఏనుగు." ఏ ఏనుగు, ఎటు పోవాలి, పోయి ఏం చెయ్యాలి, ఏమీ లేదు. పక్కసీట్లో కూర్చుని బ్రేకు బ్రేకు అని అరవడం అలవాటైన మనిషి అంతకంటే ఏం రాస్తాడనుకుని ఆమె జవాబు రాసింది: "హారన్ విన్నాను. బండి ఏదీ కనిపించలేదు."

బ్యాంకాయన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "మీ ఆట అద్భుతం. ఓపెనింగ్ ఒక్కటి మారిస్తే చాలు." ఆ మాట ఆమెకి నచ్చింది, ఆ మనిషి నచ్చకపోయినా. "పరిశీలిస్తాను," అని రాసింది.

ఇక చివరగా గీతలు. ఓడిన నాలుగు ఆటల్లో, ఒక్కో ఆటకీ ఒక్కో ఎత్తు పక్కన, మార్జిన్‌లో ఒక మందపాటి పెన్సిల్ గీత. మాట లేదు, ప్రశ్నార్థకం లేదు, సంతకం లేదు. బియ్యపు గింజంత గీత, అంతే. అది ఎవరిదో కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అంత మొద్దు పెన్సిల్ వాడేది క్లబ్బులో వడ్రంగి ఒక్కడే.

వడ్రంగిని అందరూ ఏమో గారంటారు. ఏది అడిగినా "ఏమోనండీ" అనడం ఆయనకి ఊతపదం. కుంటి బల్లల్ని నడిపించడం ఆయన పని. అది కాక గోడబోర్డు మీద బొమ్మలు కదపడం కూడా ఆయన పనే. ఆడేవాళ్ళు వేసే ఎత్తుని చూసి, అంకె రాసుకుని, బొమ్మని పెద్ద బోర్డు మీద జరుపుతాడు. ఆటంటారా, పదేళ్ళుగా ఆడుతున్నాడు, పదేళ్ళుగా అందరి చేతిలోనూ ఓడుతున్నాడు. పోస్ట్‌మార్టం బల్ల దగ్గర ఆయన ఓటమిని ఎవరూ కోసి చూడరు. చూడటానికి లోపల ఏమీ ఉండదని వాళ్ళ ఉద్దేశం.

ఆమెకి ఒళ్ళు మండింది గీతలు పెట్టినందుకు కాదు, పెట్టిన చోటు చూసి. నాలుగు గీతలూ ఆమె ఎర్ర ఆశ్చర్యార్థకాల పక్కనే ఉన్నాయి. పొరపాటు ఎత్తు ఒకటో రెండో ఎత్తుల తర్వాత వస్తుంది, దాని పక్కన ఏమీ లేదు. ఓటమి ఆటలన్నిట్లో తను ఆడిన మకుటాల్లాంటి ఎత్తుల్ని ఏరి, వాటికే తప్పు గుర్తు పెట్టాడు మహానుభావుడు.

ఆదివారం మొదటి ఆటకి ముందు, అందరూ ఉండగానే, ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

"ఇవి మీ గీతలేనా?"

"అవునమ్మా."

"ఏమిటి వీటి అర్థం?"

వడ్రంగి చుట్టూ చూశాడు. బ్యాంకాయన వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. "ఏమోనమ్మా. ఇక్కడ కాదు, తీరిగ్గా చెబుతాను," అన్నాడు.

"తీరిక మీకుంది, నాకు లేదు. నేను రాసిన పుస్తకం కొయ్యచెక్క కాదు, కొలతలు గీసుకోవడానికి. ముందు ఆట నేర్చుకోండి, తర్వాత గీతలు గీద్దురుగాని."

సంచిలోంచి రబ్బరు తీసి, నాలుగు గీతల్నీ ఆయన కళ్ళముందే చెరిపేసింది. చివరి పేజీ తిప్పి జవాబు రాసింది: "గీతలు: అర్థం లేదు. చెరిపేశాను." నలుగురూ నవ్వారు. అందరికంటే గట్టిగా బ్యాంకాయన నవ్వాడు. వడ్రంగి గోడబోర్డు దగ్గరికి వెళ్ళి బొమ్మలు సర్దుకున్నాడు.

ఆ రోజు ఆటలో ఆమె రెండు గంటలు పులిలా ఆడింది. బ్యాంకాయన గుర్రాన్ని ఊరికే కొట్టేసింది. ముప్పై ఒకటో ఎత్తులో మంత్రిని ఏడో వరసకి దింపేసరికి ఆయన మొహం పాలిపోయింది, కనీసం పాలిపోయినట్టు కనిపించింది. ఇంక అయిపోయిందనుకుంది. ఆయన చాలాసేపు ఆలోచించి ఒక బంటుని ముందుకి తోశాడు. ఊరికే దొరికే బంటు. ఆమె తీసుకుంది. మరో రెండు ఎత్తుల్లో ఆయన ఏనుగు చివరి వరసకి వచ్చి, బంట్ల వెనక ఇరుక్కున్న ఆమె రాజు మెడ పట్టుకుంది. ఆట పోయింది.

పోస్ట్‌మార్టం బల్ల దగ్గర ఆమె నోరు తెరిచేలోపే పళ్ళ డాక్టరు పునాది దగ్గర మొదలుపెట్టాడు. బ్యాంకాయన ఆమె భుజం పక్కకి వంగి మెల్లగా అన్నాడు, "ఓపెనింగేనండీ. చెప్పాను కదా." ఆమె లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మాత్రల సొరుగుల వెనక ఆ ఆటని పుస్తకంలో పదకొండోదిగా రాసింది. ఆ పొరపాటు ఎలా జరిగిందో రాయబోయి పాత ఓటములు ఒకసారి చూద్దామని పేజీలు తిప్పింది. వేలికి ఏదో తగిలింది. వడ్రంగి పెన్సిల్ నొక్కి గీసే మనిషి. గీత చెరిగింది గాని కాగితంలో గుంట మిగిలింది. వేలు దాని మీద ఆగింది. పక్కన ఎర్ర ఆశ్చర్యార్థకం. రెండు ఎత్తుల కింద, ఊరికే దొరికిన బంటు. ఇంకో ఆట తిప్పింది. గుంట, ఆశ్చర్యార్థకం, రెండు ఎత్తుల కింద ఊరికే దొరికిన గుర్రం. మూడోది. నాలుగోది. అప్పుడు నిన్నటి ఆట చూసింది. ముప్పై ఒకటో ఎత్తు పక్కన తనే పెట్టుకున్న ఆశ్చర్యార్థకం, రెండు ఎత్తుల కింద బంటు. అక్కడ గుంట లేదు. కానీ ఎక్కడ ఉండేదో ఆమెకి తెలిసిపోయింది.

కిటికీ అవతల ఒకాయన మందుల చీటీ పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాడు. ఆమె చీటీ తీసుకుని రెండుసార్లు చదివింది, మందు తీసి పేరు పైకి చదివింది, మోతాదు చెప్పి, చెప్పింది ఆయన చేత మళ్ళీ చెప్పించింది. పదమూడేళ్ళ ఉద్యోగంలో ఒక్క చీటీకి కూడా ఆమె తప్పు మందివ్వలేదు. ఆ జాగ్రత్త అంతా ఆదివారం పొద్దున ఎక్కడికి పోతోందో ఆమెకి అంతుపట్టలేదు.

డ్యూటీ దిగి నేరుగా వడ్రంగి షెడ్డుకి వెళ్ళింది. ఆయన ఒక తలుపు చెక్క మీద చిత్రిక పడుతున్నాడు. ఆమెని చూసి ఆపి, ఒక స్టూలు మీది పొట్టు దులిపి జరిపాడు.

"ఆ గీతలు ఎందుకు పెట్టారో చెప్పండి," అంది, కూర్చోకుండానే.

"ఆట నాకు రాదమ్మా. మీరన్నది నిజమే. గోడబోర్డు దగ్గర నిలబడి నేను చూసేది మనుషుల్ని." ఆయన చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు. "మంచి ఎత్తు పడిందనుకోండి, మీరు కళ్ళజోడు తీసి డబ్బాలో పెడతారు. మూత టక్కుమంటుంది. ఆ తర్వాత మీరు బోర్డు చూడరు. గోడ మీద ఫోటో చూస్తారు, కిటికీ చూస్తారు. చెయ్యి దానంతటది ఆడుతుంది. ఆ మూత చప్పుడైన ఎత్తుకే గీత పెట్టాను."

ఆమె స్టూలు మీద కూర్చుంది. "రాయొచ్చుగా ఆ ముక్క?"

"అరమీద పెట్టిన పుస్తకం కదమ్మా. అందరూ చదువుతారు. బ్యాంకాయనకి ఎలాగూ తెలుసు, తక్కినవాళ్ళకి కూడా తెలియడం దేనికని."

"ఆయనకి తెలుసా?"

"మీరు డబ్బా మూసేదాకా ఆయన ఏమీ చెయ్యడు. మూసిన తర్వాతే ఎర వేస్తాడు. నిన్న ఆయన బోర్డు చూడలేదు, మీ చేతులు చూస్తూ కూర్చున్నాడు."

మందులమ్మకి తల కొట్టేసినట్టయింది. ఓపెనింగ్ మార్చమని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన మనిషికి అసలు జబ్బు తెలుసు. తెలిసే వేరే మందు రాసిచ్చాడు. పుస్తకం మొత్తంలో తను మర్యాదగా తీసుకున్నది ఆ ఒక్క చీటీనే.

"కృతజ్ఞతలు," అంది పొడిగా. క్షమించమని అడగాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. క్లబ్బులోనే అందరి ముందూ అంటే బాగుంటుందని సర్దిచెప్పుకుని వెళ్ళిపోయింది. వాయిదా వేసిన మంచి పనులకి మనిషి ఎప్పుడూ ఇలాంటి గొప్ప కారణమే చూసుకుంటాడు.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన కూర తరుగుతున్న కత్తి ఆపి తలెత్తాడు.

"కళ్ళజోడు సంగతా? పెళ్ళైన కొత్తల్లోనే తెలిసింది నాకు. నువ్వు అది తీశావంటే వాదన అయిపోయినట్టు. ఇంక నేనేం చెప్పినా వినపడదు. అందుకే ఊరుకుంటాను."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"అన్నాను. అప్పటికే తీసేశావు."

రెండో ఆదివారం ఆమె కళ్ళజోడు డబ్బా ఇంట్లోనే వదిలి వచ్చింది. గడియారాల్లో నిజం చెప్పేదాన్ని తనే ఏరి తెచ్చుకుంది. ఆట ఇరవై ఎత్తుల దాకా చప్పగా సాగింది. ఇరవై ఎనిమిదో ఎత్తులో ఒంటె, మంత్రి ఒకే గళ్ళవరస మీదకి వచ్చాయి. చాలా మంచి ఎత్తు. వేసీవేయగానే ఆమె కుడిచెయ్యి తనంతట తనే లేచి చెవి దాకా పోయింది. దాన్ని కిందికి లాగి తొడ కింద పెట్టి, దాని మీద కూర్చుంది.

బ్యాంకాయన ఆమె చేతులకేసి చూశాడు. ఒక చెయ్యి కనబడలేదు. మొహంకేసి చూశాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు, మంచినీళ్ళు తాగాడు, మళ్ళీ చూశాడు. గడియారంలో ఆయన ముల్లు నడుస్తోంది. వెయ్యాల్సిన బంటు ఎర సిద్ధంగానే ఉంది, ఆమె కళ్ళే సిద్ధంగా లేవు. దగ్గరుండి నిద్రపుచ్చుతున్న పిల్ల ఎంతకీ కళ్ళు మూయకపోతే తల్లి చూసినట్టు చూశాడు. ఇప్పుడు తీస్తుంది, ఇంకాసేపట్లో తీస్తుంది అని వేచి వేచి ఇరవై రెండు నిమిషాలు కూర్చున్నాడు. గడియారం మీది చిన్న ఎర్రజెండా టప్పున పడింది.

జెండా పడితే టైము అయిపోయినట్టు, ఆట పోయినట్టే. బ్యాంకాయన గడియారాన్ని తప్పుపట్టాడు, కింది నుంచి వచ్చే ఆవిరిని తప్పుపట్టాడు. హెడ్మాస్టరు వినలేదు. చెరొక ఆట. సమానం. పుస్తకాలు చదవాలి.

బ్యాంకాయన పుస్తకంలో చదవడానికేమీ లేదు. వచ్చిన నలభై అభిప్రాయాలకీ ఒకే జవాబు: "ధన్యవాదాలు. గమనించాను." పళ్ళ డాక్టరు పునాది గమనించాడు, ఇన్సూరెన్సు ఏజెంటు ఒకవేళలన్నీ గమనించాడు. దేన్నీ చదివిన జాడ లేదు. కానీ చదువుతున్నంతసేపూ అభిప్రాయాలు రాసినవాళ్ళ మొహాలు దీపాల్లా వెలిగాయి.

తర్వాత మందులమ్మ నిలబడింది. గెలిచిన ఊపు మీదుంది. పళ్ళ డాక్టరుకి రాసిన జవాబు చదివింది, గది గొల్లుమంది. ఆయన తప్ప. ఒకవేళ జవాబు చదివింది, ఇంకా గొల్లుమంది, ఏజెంటు చేతిగోళ్ళు చూసుకున్నాడు. హారన్ జవాబుకి డ్రైవింగ్ స్కూలాయన కూడా నవ్వాడు. అలా నవ్వులమీద తేలుతూ ఆఖరి జవాబు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆమె ఆగింది.

చెప్పాల్సిన చోటు అదే. షెడ్డులో వాయిదా వేసింది ఈ క్షణానికే. కానీ చెప్పాలంటే కళ్ళజోడు సంగతి చెప్పాలి. అది చెబితే ఇవాళ్టి నుంచి ప్రతివాడికీ తన చెవి ఎక్కడ పట్టుకోవాలో తెలిసిపోతుంది. పైగా గది నవ్వడానికి నోరు తెరుచుకుని కూర్చుంది. వడ్రంగి గోడబోర్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"గీతలు: అర్థం లేదు. చెరిపేశాను," అని చదివింది. నవ్వారు.

హెడ్మాస్టరు చేతులెత్తమన్నాడు. పోటీ పడే ఇద్దరూ పోను ఓటుకి ఉన్నది నలుగురు. సమానమైతే ఆయనే తేలుస్తాడు, ఆయన మొగ్గు ఆమె వైపేనని అందరికీ తెలుసు. బ్యాంకాయనకి పళ్ళ డాక్టరు ఎత్తాడు, ఇన్సూరెన్సు ఏజెంటు రెండు చేతులూ ఎత్తి ఒకటి దించాడు. ఆమెకి డ్రైవింగ్ స్కూలాయన ఎత్తాడు. అందరూ వడ్రంగి కేసి చూశారు. ఆయన రెండు చేతులూ కిందే ఉన్నాయి.

"ఎవరికండీ?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఏమోనండీ," అన్నాడు వడ్రంగి.

రెండుకి ఒకటి. నాలుగో కుర్చీ బ్యాంకాయనది. ఆయన లేచి ఒక్కొక్కరికీ విడివిడిగా ధన్యవాదాలు చెప్పాడు. మందులమ్మ పుస్తకం బల్ల మీదే వదిలి మెట్లు దిగేసింది. దారి పొడవునా క్లబ్బులో ఉన్నవాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ పేరుపేరునా మనసులో కడిగేసింది. వడ్రంగిని రెండుసార్లు కడిగింది. సోమవారం ఆసుపత్రిలో సెలవు రద్దు చేయించుకుంటుంటే గుమాస్తా ఎందుకని అడిగాడు. తలనొప్పిగా ఉందని చెప్పింది.

తరవాతి ఆదివారం పుస్తకం తెచ్చుకోవడానికి అందరికంటే ముందు వెళ్ళింది. తెచ్చేసుకుని మళ్ళీ ఆ మెట్లు ఎక్కకూడదని ఉద్దేశం. పుస్తకం అరమీద ఉంది. ఎవడో ఇంకేదో రాసే ఉంటాడని తెరిచింది. ఆటల పేజీల్లో కొత్తగా ఏమీ లేదు. జవాబుల పేజీ తిప్పింది.

అక్కడ నాలుగు గీతలున్నాయి. మందపాటివి, బియ్యపు గింజంతవి. పునాది జవాబు పక్కన ఒకటి. ఒకవేళ పక్కన ఒకటి. హారన్ పక్కన ఒకటి. ఆఖరిది 'అర్థం లేదు' పక్కన.

ఆమె నిలబడే ఆ రోజు గుర్తుచేసుకుంది. చదివింది, నవ్వారు, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చదివింది, నవ్వారు, తీసింది. ప్రతి జవాబుకీ. తీసినప్పుడు ఎదురుగా ఉన్న మొహాలు మసకగా ఉన్నాయి. పళ్ళ డాక్టరు నవ్వలేదన్న సంగతి ఆమెకి అప్పుడు పట్టలేదు, ఇప్పుడు పడుతోంది. అవి నాలుగూ ఆమెకి చాలా నచ్చిన జవాబులు. ఎర్రపెన్ను ఉంటే ఆశ్చర్యార్థకాలు పెట్టేది.

సంచిలో రబ్బరు ఉంది. దాన్ని తీయలేదు. మూడో గీత పక్కనున్న జవాబు ఏ మాటకి రాసిందో ఆ పేజీ తిప్పి చదివింది. ఏడో ఆట, ఇరవై నాలుగో ఎత్తు. ఇక్కడ ఏనుగు. ఖాళీ గదిలో తనే పోస్ట్‌మార్టం బల్ల దగ్గర కూర్చుని ఆ ఆట బొమ్మలు పేర్చింది. ఎడమ ఏనుగుని ఒక గడి జరిపి చూసింది, ఏమీ లేదు. కుడి ఏనుగుని కదపకుండానే బొమ్మలు తీసేద్దామనుకుని, ఎందుకో ఆగి, అడ్డంగా నాలుగు గళ్ళు జరిపింది. అవతలి రాజు కదలడానికి చోటు లేదు. ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది. నాలుగు ఎత్తుల్లో ఆట ముగిసిపోయేది. ఆ రోజు ఆ ఏనుగు కదపక, నలభై ఎత్తుల దాకా ఈడ్చి ఓడిపోయింది. రెండు మాటల్లో ఆ మనిషి మొత్తం చెప్పాడు. హారన్ విన్నానని తను రాసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వడ్రంగి, చేతిలో బల్ల కాలు, చెవి వెనక పెన్సిల్. ఆమెని ఆ బల్ల దగ్గర చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆమె గోడ మీది ఫ్రేముకేసి చూసింది. ఓడినవాళ్ళే ముందు మాట్లాడాలి.

"తప్పు నాదండీ," అంది. "ఆ రోజు అందరి ముందూ చెప్పాల్సింది. వాళ్ళు వచ్చాక ఇవాళ చెబుతాను, కళ్ళజోడు సంగతితో సహా." అడగకుండా ఉండలేకపోయింది. "ఒక్కటి అడుగుతాను. మీరు చెయ్యి ఎత్తి ఉంటే కుర్చీ నాది. ఎందుకు ఎత్తలేదు?"

ఈసారి ఆయన ఏమో అనలేదు.

"ఎత్తుదామనే అనుకున్నానమ్మా. ఆ ఆఖరి జవాబు దగ్గర మీరు ఆగారు చూడండి, అప్పుడు సగం ఎత్తాను కూడా. చదివేసి, మళ్ళీ కళ్ళజోడు తీశారు."